అంటుమూట

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

ఇది నా చేత్తో నేనే రాస్తున్న ఉత్తరం. నవ్వకు. డ్యూటీకి వెళ్ళేముందు నాలుగు లైన్లు, వచ్చాక నాలుగు లైన్లు, ఇలా మూడు రోజుల నుంచి రాస్తున్నాను. మీ బావ "ఏంటే, వీలునామా రాస్తున్నావా?" అని ఒకటే ఎగతాళి.

సంగతేమిటంటే, మా ఆస్పత్రి లాండ్రీ ఇన్‌చార్జి రిటైరయ్యాడు. ఆయన పేరుకే ఇన్‌చార్జి. రెండేళ్ళ నుంచి పద్నాలుగు మందితో పని చేయిస్తున్నది నేనే. ఇప్పుడు కొత్త రూలు పెట్టారు. ఇన్‌చార్జి అన్నవాళ్ళు రిజిస్టరు తామే రాయాలిట, రాత పరీక్ష పాసవ్వాలిట. అక్టోబరు పదిన పరీక్ష. పాసైతే ఆ కుర్చీ నాది. లేకపోతే బయటినుంచి ఎవరినో తెస్తారు. నేను వాళ్ళకి పని నేర్పి, మళ్ళీ వాళ్ళ కిందే చెయ్యాలి. ఇరవై ఆరేళ్ళు ఆ ఆవిరిలో ఉడికినదాన్ని. అది మాత్రం జరగనివ్వను.

పెద్దవాళ్ళకి సాయంత్రం పూట బడి ఉంటే చేరాను. మూడో తరగతిలో ఆపాను కదా, యాభై నాలుగేళ్ళకి అక్కడినుంచే మొదలెట్టాను. నువ్వు హెడ్మాస్టరువి. ఏదైనా ఉపాయం ఉంటే చెప్పు.

చెయ్యి లాగేస్తోంది. ఇస్త్రీపెట్టె పట్టుకున్నా ఇంత నొప్పి లేదు.

మీ అక్క


జూన్ 11

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. మీ మరదలికి కూడా చదివి వినిపించాను. నేను చదువుకోవాలని నువ్వు బడి మానేశావని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఆ మాట నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. ఇన్నాళ్ళకి నీకు ఉపయోగపడే అవకాశం వచ్చింది.

నీ ఉత్తరాన్ని దీనితోపాటు తిప్పి పంపుతున్నాను. తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్దాను. మొత్తం నలభై ఒకటి. అధైర్యపడవద్దు, ఎక్కువ భాగం ఒత్తులూ దీర్ఘాలే. దిద్దిన ప్రతి పదాన్నీ పదేసిసార్లు రాసి నాకు పంపు. రోజూ పొద్దున ఒక పేజీ చూసిరాత. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్న పద్ధతి ఇది, ఎవరికీ తప్పలేదు.

బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు


జూన్ 22

హెడ్మాస్టరుగారికి,

నా ఉత్తరం నాకే వెనక్కి పంపుతావురా? కవరు విప్పగానే ఆ ఎరుపు చూసి ఆస్పత్రి మరకేమో అనుకుని చల్లనీళ్ళలో ముంచబోయాను. తర్వాత చూస్తే నీ చేతిరాత. అరికాలి మంట నెత్తికెక్కింది. ఉత్తరం రాస్తే జవాబు రాస్తారు గానీ మార్కులేస్తారా ఎవరైనా? నీకు ముక్కు చీదుకోవడం నేర్పింది నేను, గుర్తుపెట్టుకో.

అయినా పదేసిసార్లు రాశాను. పరీక్ష కావాలి కాబట్టి రాశాను. నాలుగు వందల పది మాటలు. పూర్తయ్యేసరికి ఏ మాటకి ఏ అర్థమో కూడా తెలియకుండా పోయింది.

ఇక్కడి బడి కూడా అలాగే ఏడిసింది. పగలు మూడో తరగతి పిల్లలు కూర్చునే గది. బల్లలు మోకాళ్ళకి తగులుతాయి. మేం పదకొండు మందిమి. ఒకాయన కుళాయిలు బిగిస్తాడు, ఒకావిడ బట్టలు కుడుతుంది, ఒక పెద్దాయన గేటు దగ్గర కాపలా. పంతులమ్మ చిన్నపిల్ల, మంచిదే, కానీ మా చేత చప్పట్లు కొట్టించి చిట్టి చిలకమ్మల పాటలు పాడిస్తుంది. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదే కదా! మంచినీళ్ళకి లేవాలన్నా చెయ్యెత్తి అడగాలి. కాపలా పెద్దాయన ఆ రోజు సిగ్గుతో నీళ్ళే తాగలేదు.

నాకు పనికొచ్చే మాటలు నేర్పమన్నాను. దుప్పటి, తువ్వాలు, గౌను, అంటుమూట, వేడినీళ్ళ మిషను. "అవి పాఠంలో లేవండీ" అంది. వార్డుల నుంచి బట్టలు తెచ్చే బండ్లన్నిటికీ బోర్డులు రాసి కట్టాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. కనీసం నువ్వైనా ఈ మాటలు గుండ్రంగా రాసి పంపు, చూసి రాసుకుంటాను.

బడి మానేసిన సంగతి ఇంకెప్పుడూ ఎత్తకు.

అక్క


జూలై 2

అక్కా,

కోపం వచ్చినట్టుంది. బడి సంగతి ఎత్తవద్దన్నావు. నీ పెద్దమనసు నాకు తెలుసు, ఎత్తను.

కానీ చదువు విషయంలో మొహమాటం పనికిరాదు. పునాది గట్టిగా ఉండాలి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నువ్వు మాత్రం వంగి చూపిస్తావని నా నమ్మకం.

నువ్వడిగిన పట్టీ పెద్ద అక్షరాలతో రాసి జతచేశాను. ఒక్కచోట చిన్న మార్పు చేశాను. "అంటుమూట" అని రాశావు. "అంటు" అనేది ఇళ్ళలో వాడే మాట, ఆఫీసు బోర్డు మీద అంత మర్యాదగా ఉండదు. అందుకని "మురికి మూట" అని మార్చాను. మిగతావన్నీ నువ్వు చెప్పినవే.

నీ తమ్ముడు


జూలై 9

తమ్ముడూ,

నేను వంగడానికి చేరలేదురా. మాను ఎందుకు వంగాలి? ఆ సామెత ఇంకోసారి రాశావంటే నీ ఉత్తరానికి నేనే మార్కులేస్తాను.

పట్టీ బాగుంది. ఆదివారం కూర్చుని అయిదు రేకులకి సున్నం పూసి నల్లరంగుతో రాశాను. నువ్వు మార్చిన మాట చూసి మొదట ఇదేంటి అనుకున్నాను. తర్వాత పంతులమ్మ చెప్పింది గుర్తొచ్చింది, నోటిమాట వేరు, రాతమాట వేరు అని. మనం నీళ్ళు అంటాం, పుస్తకంలో జలము అని ఉంటుంది. ఇది కూడా అలాంటిదే కాబోలు, హెడ్మాస్టరుకి తెలియదా, అని అలాగే రాసేశాను. ఇక్కడున్న పద్నాలుగు మందికీ ఫలానా బండి మీద ఇలా రాశానని నోటితో చెప్పాను.

నా రాత గోడ మీదికి, బండి మీదికి ఎక్కడం ఇదే మొదటిసారి. డ్యూటీ దిగాక కూడా ఒకసారి వెనక్కి వెళ్ళి చూసుకున్నాను.

అక్క


జూలై 28

అక్కా,

మూడు వారాలు కావస్తోంది, నీ దగ్గరినుంచి మళ్ళీ ఉత్తరం లేదు. ఇంకా సామెత మీదే అలకా? పోనీ, క్షమించు.

పరీక్షలో వ్యాసం తప్పకుండా అడుగుతారు. "ఉద్యానవనం" మీద ఒక నమూనా వ్యాసం రాసి పంపుతున్నాను. కంఠస్థం చెయ్యి. ఏ అంశం ఇచ్చినా ఇందులోంచి నాలుగు వాక్యాలు వాడుకోవచ్చు.

నీ తమ్ముడు


ఆగస్టు 4

తమ్ముడూ,

ఉద్యానవనం అందింది. చదివే స్థితిలో లేను.

అలక కాదు. జూలై పంతొమ్మిదిన మా లాండ్రీలో ఒక మనిషికి సూది గుచ్చుకుంది. వారం ముందే చేరిన కొత్తావిడ, పది చదువుకుంది. నేను ఆ రోజు సెలవు. వార్డు నుంచి మూట వచ్చింది, బండి మీద "మురికి మూట" అని ఉంది. మా దగ్గరికి వచ్చేవన్నీ మురికివే కదరా! మురికివి విప్పి వేరుచేయడమే ఆవిడ పని. విప్పి చెయ్యి పెట్టింది. లోపల దుప్పటి మడతలో ఎవరో వదిలేసిన సూది.

అంటుమూట అంటే అది కాదు. అంటురోగాల వార్డు నుంచి రెండు ముళ్ళేసి వస్తుంది. దాన్ని విప్పకూడదు, చెయ్యి పెట్టకూడదు, మూట మూటగా వేడినీళ్ళ మిషన్లో పడెయ్యాలి. అంటుమూట అని వినపడితే మావాళ్ళు రెండడుగులు వెనక్కి వేస్తారు. చదవడం రాని పాతవాళ్ళకి ఏమీ కాలేదు, వాళ్ళు ముళ్ళు చూసి ఆగుతారు. చదువొచ్చిన ఆవిడకే గుచ్చుకుంది. నా రాత చదివి గుచ్చుకుంది.

ఆవిడకి మందులు మొదలెట్టారు. రక్తపరీక్ష ఇప్పుడొకటి, ఆరు వారాలకొకటి, మూడు నెలలకొకటి. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. నేను వెళ్తే నాకే మంచం మీద చోటిచ్చి కూర్చోబెట్టింది.

సూపరింటెండెంటు పదిమందిలో "అక్షరం ముక్క రానివాళ్ళు బోర్డులు రాస్తే ఇలాగే ఉంటుంది" అన్నాడు. మెమో ఇచ్చాడు. ఈ నెల పదిహేనులోగా రాతలో సంజాయిషీ ఇవ్వాలి. అది సరిగ్గా లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు.

నీ పేరు నేను చెప్పలేదు.

అక్క


ఆగస్టు 8

అక్కా,

తప్పు నాది. ఆ మాటకి అర్థమేమిటని నిన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. అంట్లు, మైల, అలాంటిదేదో అనుకున్నాను. మీ మరదలు "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, ముందు ఆవిడకి ఏదైనా సాయం చేయండి" అంటోంది.

సంజాయిషీ రాసి పంపుతున్నాను. ఎక్కడా వేలు పెట్టడానికి వీల్లేకుండా రాశాను. "విద్యాగంధము లేనిదాననగుటచేత, అజ్ఞానవశమున జరిగిన పొరపాటును పెద్దమనసుతో మన్నించగలరు" అని ముగించాను. చూసి రాసి, సంతకం పెట్టి ఇచ్చెయ్యి. గడువు దగ్గరపడింది, ఈసారికి నా మాట విను.

నీ తమ్ముడు


ఆగస్టు 19

ఒరేయ్,

నీ సంజాయిషీ వెనక్కి పంపుతున్నాను. బట్టల మీద నంబర్లేసే నీలంసిరాతో కొట్టేశాను చూడు. విద్యాగంధము లేదా? అజ్ఞానవశమా? ఆ బోర్డు మీద అక్షరం ఒక్కటైనా తప్పుందా? లేదు. హెడ్మాస్టరు రాసిచ్చిన అక్షరాలు.

నేనే రాసిచ్చాను. అందులో ఉన్నది ఇది. "బోర్డు మీద అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. మాట తప్పు. మేము అనేది అంటుమూట. రాతలో మర్యాదగా ఉంటుందని మార్చాను. రాసిన చెయ్యి నాది. ఇకనుంచి మా బండ్ల మీద మేము పలికే మాటే ఉంటుంది. కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజే బండి పక్కన నిలబెట్టి, చదివించి, చదివినదానికి అర్థమేంటో వాళ్ళ నోటితో చెప్పించుకుంటాను." ఇంతే. సూపరింటెండెంటు రెండుసార్లు చదివి "ఎవరు రాసిచ్చారు?" అని అడిగాడు. అక్కడే తెల్లకాగితం తీసుకుని మళ్ళీ రాసి చూపించాను. పరీక్షకి కూర్చోనిచ్చారు.

ఇప్పుడు ఇంకొకటి చెబుతాను, కోప్పడకు. నీకోసం నేను బడి మానెయ్యలేదు. అమ్మ నిన్ను చదివించడానికి ఆ కథ అల్లింది. మూడో తరగతిలో పలక మీద "మా ఇంట్లో కోడి పొదిగేసింది" అని రాశాను. మాస్టారు దాన్ని చదివి, "పొదిగేసిందిట! పొదిగింది అని రాయడం రాదు!" అని తరగతంతా నవ్వేలా ఎత్తి చూపించి, మూలన నిలబెట్టాడు. మన ఇంట్లో అలాగే అనేవాళ్ళం కదరా. పలక ఆయన బల్ల మీద పెట్టి నడుచుకుంటూ వచ్చేశాను. అమ్మ కొట్టింది, నాన్న బతిమాలాడు, వెళ్ళలేదు. నా ఇష్టంతో మానేశాను. ఇప్పుడు నా ఇష్టంతో చేరాను. నన్ను త్యాగమూర్తిని చేసి జాలిపడితే ఊరుకోను.

నీ అక్క


సెప్టెంబరు 1

అక్కా,

నలభై ఆరేళ్ళు మోసిన బరువు ఒక్క పేజీలో దింపేశావు. తేలిగ్గా ఉండాలి కదా, ఎందుకో కాస్త చిన్నతనంగా ఉంది. నాకోసం ఎవరో వదులుకున్నారనుకునే నేను కష్టపడి చదివాను. మీ మరదలు మాత్రం రెండు రోజులుగా ఆగకుండా నవ్వుతోంది.

ఇకనుంచి నేనేమీ నా అంతట పంపను. నీకేం కావాలో నువ్వు చెప్పు. ఒక్కటి మాత్రం అడుగుతాను, నీకిప్పుడు ఎలా నేర్చుకుంటే పట్టుబడుతోంది? నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

నీ తమ్ముడు


సెప్టెంబరు 13

తమ్ముడూ,

ఇదీ నువ్వు అడగాల్సిన ప్రశ్న! జూన్‌లో అడిగుంటే ఎంత బాగుండేది.

ముందు మంచి కబురు. కొత్తావిడ ఆరు వారాల రక్తపరీక్షలో ఏమీ లేదు. ఇంకొకటి ఉంది. అది కూడా అయితే గానీ నాకు కంటినిండా నిద్ర పట్టదు. మొన్న డ్యూటీలో చేరింది. ఇప్పుడు నాతోపాటు బడికి కూడా వస్తోంది, మాకు సాయం చేయడానికి.

బడిలో గొడవ చేశాను. పంతులమ్మ చప్పట్లు కొట్టమంటే లేచి, "అమ్మా, నీ వయసు నా పెద్దకూతురి వయసు. మాకు రాయడం రాదు గానీ బతకడం వచ్చు. మా పనిలోంచి మొదలుపెట్టు" అన్నాను. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ తల కొట్టేసినట్టయింది. కానీ కుళాయిలాయన కూడా లేచాడు, కాపలా పెద్దాయన లేచాడు. మర్నాడు పంతులమ్మ చిలకమ్మల పుస్తకం తేలేదు. మా బల్ల మీదే మాతోపాటు ఇరుక్కుని కూర్చుంది.

ఇప్పుడు ఇలా సాగుతోంది. ఒకరు తమ పని గురించి నాలుగు మాటలు చెబుతారు. పంతులమ్మ అన్నది అన్నట్టు బోర్డు మీద రాస్తుంది. చెప్పినాయన ముందు చదువుతాడు, ఆయన మాటే కాబట్టి అడ్డురాదు. తర్వాత మేమందరం. కుళాయిలాయన "వాషరు అరిగింది" అని రాసిన రోజు ఎంత మురిసిపోయాడో! కాపలా పెద్దాయన తన మందుచీటీ తెచ్చాడు. పొద్దున వేసుకోవాల్సిన మాత్ర ఇన్నాళ్ళూ సాయంత్రం వేసుకుంటున్నాడుట. ఇద్దరిద్దరం కూర్చుని ఒకరిది ఒకరం చూస్తాం. తప్పు ఉంటే పక్కవాళ్ళు చెవిలో చెప్తారు, పైకి చదవరు. ఒకే మాట పదిసార్లు రాయడం మానేశాను. ఈరోజు ఒకసారి, ఎల్లుండి చూడకుండా ఒకసారి, వారం పోయాక ఇంకోసారి. అలా రాస్తే పోవడం లేదు. మరచిపోబోతుండగా లాగి పట్టుకోవాలి, అప్పుడే ఉంటుంది.

రాయడం నేర్చుకోవడానికి వయసేం మించిపోలేదురా. రాయించే తీరే బాగోలేదు.

అక్క


అక్టోబరు 12

తమ్ముడూ,

పరీక్ష రాశాను. వందకి నలభై వస్తే పాసు. ఈరోజు సూపరింటెండెంటు పిలిచాడు. ముప్పై ఆరు వచ్చాయి.

ఎక్కడ పోయాయో చెప్తే నమ్మవు. అయిదో ప్రశ్న, "ప్రమాదకరమైన బట్టలు తెచ్చే బండికి హెచ్చరిక బోర్డు రాయండి" అని. పది మార్కులు. నాకోసమే ఇచ్చినట్టుంది అనుకున్నాను. "అంటుమూట. విప్పొద్దు. చెయ్యి పెట్టొద్దు. మూట మూటగా మిషన్లో వెయ్యాలి" అని రాశాను. తప్పు ఒక్కటి లేదు. సున్నా వేశారు. వాళ్ళకి కావలసింది "సంక్రమిత వస్త్రములు. స్పృశించరాదు" అట. అంటు అనేది పామరుల మాటట.

సూపరింటెండెంటు ఇప్పుడు కొంచెం మెత్తబడ్డాడు. "శుక్రవారం లోపల ఆ ఒక్క జవాబు వాళ్ళు చెప్పినట్టు రాసివ్వమ్మా, మార్కులు వేయిస్తాను, కుర్చీ నీదే" అన్నాడు. నాకు నాలుగు మార్కులే కావాలి.

మీ బావ ఎగతాళి కూడా మానేశారు. అన్నం పెడితే తింటున్నారు, అంతే.

అక్క


అక్టోబరు 15

అక్కా,

ఇది అందేసరికి గడువు దాటకూడదని మనిషి చేత పంపిస్తున్నాను.

రాసిచ్చెయ్యి. ఈ మాట నేను అనకూడదని తెలుసు, అయినా అంటున్నాను. కాగితం మీద రెండు ముక్కలు. కుర్చీలో కూర్చున్నాక బండ్ల మీద నీ ఇష్టం వచ్చింది రాసుకోవచ్చు. ఇరవై ఆరేళ్ళ కష్టం నాలుగు మార్కుల దగ్గర పోగొట్టుకోకు. పంతం కోసం పని చెడగొట్టుకోవద్దు.

ఇంతకుముందు నా మాట విని నష్టపోయావు. ఈసారి మాత్రం నీ మంచికే.

నీ తమ్ముడు


అక్టోబరు 21

తమ్ముడూ,

నీ మనిషి శుక్రవారం పొద్దున వచ్చాడు. నేను గురువారమే వెళ్ళి చెప్పేశాను. నీ ఉత్తరం ముందు వచ్చినా అదే చెప్పేదాన్ని.

మర్యాదగా ఉంటుందని ఒకసారి మాట మార్చాను. ఒక మనిషి చేతికి సూది దిగింది. ఆ మనిషి ఇప్పుడు నా పక్క బల్ల మీద కూర్చుని ఒత్తులు చెబుతోంది. మూడో పరీక్షకి మొన్ననే రక్తమిచ్చి, ఫలితం కోసం రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఆవిడ ఎదురుగా కూర్చుని, నాలుగు మార్కుల కోసం అంటుమూటని ఇంకోసారి మార్చనా? నా వల్ల కాదురా. పంతం అనుకుంటే పంతమే.

సూపరింటెండెంటుతో అన్నాను, "అయ్యా, మీరు చెప్పిన మాట నేను చదవగలను, రాయగలను. కావాలంటే ఇప్పుడే రాసి చూపిస్తాను. కానీ దాన్ని బండి మీద కడితే మా పద్నాలుగు మందిలో ఎవరూ వెనక్కి అడుగు వెయ్యరు. బోర్డు ఉండేది అడుగు వెనక్కి వేయించడానికి కదా." ఆయన నా జవాబు కాగితం మడిచి ఫైల్లో పెట్టేశాడు.

కాబట్టి పరీక్ష తప్పాను. వచ్చే నెల ఒకటిన బయటినుంచి కొత్త ఇన్‌చార్జి వస్తున్నాడు. రానీ. మొదటిరోజే బండి పక్కన నిలబెట్టి చదివిస్తాను, అర్థం ఆయన నోటితో చెప్పించుకుంటాను. సంజాయిషీలో రాసిచ్చాను కదా, కొత్తగా ఎవరు చేరినా అని.

శనివారం పైనుంచి అచ్చేసిన బోర్డులు దిగాయి, మా రేకులు తీసేసి వాటిని బండ్లకి కట్టారు. సంక్రమిత వస్త్రములు. మావాళ్ళు కూడబలుక్కుని చదివి, "అక్కా, ఇదేం బట్ట?" అని అడిగారు. నేను నోరు విప్పలేదు. నా మీద ఒట్టు, నేనేం చెప్పలేదు. కొత్తావిడే ఆ బోర్డు విప్పి గోడకి ఆనించింది. మిగతావాళ్ళు బండ్లు వదిలేసి గుమ్మంలో కూర్చున్నారు. మూడు గంటలు ఆస్పత్రిలో ఒక్క దుప్పటి కదల్లేదు. పై అంతస్తుల నుంచి ఫోన్లే ఫోన్లు. మధ్యాహ్నానికి మా రేకులు మళ్ళీ బండ్లెక్కాయి.

నాకు ఏడుపు రాలేదని అబద్ధం చెప్పను. ఆ రేకు కడుతుంటే వచ్చింది. ఆ కుర్చీ నాకు కావాలి. ఇప్పటికీ కావాలి.

అందుకే ఆఫీసుకి వెళ్ళి పరీక్షల గుమాస్తాని అడిగాను, ఈ పరీక్ష ఎన్నిసార్లు రాయొచ్చండీ అని. ఎన్నిసార్లయినా రాయొచ్చమ్మా, మళ్ళీ ఏప్రిల్‌లో ఉంది, ఇప్పుడొచ్చేది తాత్కాలికపు మనిషే అన్నాడు. ఫారం అక్కడే నింపి ఇచ్చాను. ఎవరినీ అడక్కుండా నింపాను. మిగతా ప్రశ్నలకి బాగా చదువుతాను, ఆ పది మార్కులు లేకుండానే నలభై తెచ్చుకుంటాను. అయిదో ప్రశ్న మళ్ళీ వస్తే మళ్ళీ అంటుమూట అనే రాస్తాను. సున్నా వెయ్యమను.

నీ అక్క